జబ్బు పేరు తేలని బిడ్డను ఎలా పెంచాలి?

పల్లెలో బిడ్డకు జ్వరము వస్తే ఏమి చేయాలో ప్రతి తల్లికీ తెలుసు. నుదుటి మీద చెయ్యి వేసి చూస్తుంది, తడిగుడ్డ వేస్తుంది, తగ్గకపోతే మర్నాడు ఆసుపత్రికి తీసుకొని వెళుతుంది. అక్కడ రక్తము పరీక్ష చేసి మలేరియా అనో, టైఫాయిడ్ అనో ఒక పేరు చెబుతారు. పక్కింటివారు వచ్చి పలకరిస్తారు. ఆదివారము మందిరములో బిడ్డ పేరు చెప్పి అందరము ప్రార్థిస్తాము. ఇందులో దాచుకోవలసినది ఏమీ లేదు.

అయితే అదే బిడ్డ మనస్సుకు జబ్బు చేస్తే ఈ పద్ధతి అంతా తలక్రిందులవుతుంది. తల్లి ఎవరికీ చెప్పదు. తండ్రి పొలము నుండి ఆలస్యముగా ఇంటికి రావటము మొదలుపెడతాడు. పలకరించవలసిన పక్కింటివారే గుసగుసలాడతారు. అన్నిటికంటె కష్టమైన సంగతి ఏమిటంటే, ఆసుపత్రికి వెళ్ళినా వెంటనే ఒక పేరు దొరకదు. ఒక డాక్టరుగారు ఒకటంటారు, ఆరు నెలల తరువాత మరొకరు వేరొకటంటారు. “మా పిల్లవాడికి అసలు ఏమిటయ్యగారూ?” అని కళ్ళనీళ్ళతో మమ్మును అడిగిన తల్లులు ఉన్నారు. అటువంటి ఇండ్ల కొరకు ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. మీ ఇంట అటువంటి బిడ్డ లేకపోయినా దయచేసి చదవండి. మీ వీధిలో ఉండవచ్చును.

మేము డాక్టర్లము కాము. మేము వ్రాసేది వైద్యము కాదు. సంఘములో కుటుంబాలను దర్శించేటప్పుడు చూచినవి, తెలిసిన వైద్యులను అడిగి, చదివి తెలుసుకొన్నవి మీ ముందు పెడుతున్నాము.

తప్పు ఎవరిది?

ఇటువంటి ఇంటిలో మొదట వినబడే ప్రశ్న ఇదే. అత్తగారు కోడలి వైపు చూస్తుంది. కోడలు తన మొగుడి త్రాగుడును తలుస్తుంది. “గారాబము చేసి చెడగొట్టారు” అని బంధువులంటారు. “ఏ పాపము చేశారో” అని ఊరివారంటారు.

చదువుకొన్న దేశాలలో కూడా ఇదే జరిగింది. 1943లో అమెరికాలో లియో కానర్ అనే బాలల మానసిక వైద్యుడు పదకొండుమంది పిల్లలను గూర్చి ఒక వ్యాసము వ్రాశాడు. పిలిస్తే పలకకుండా, కళ్ళలోకి చూడకుండా, తమ లోకములో తాము ఉండే ఆ పిల్లల స్థితికి ఆటిజం అని పేరు పెట్టాడు. ఆ తరువాత కొందరు పండితులు, తల్లికి ప్రేమ లేకపోవటమే దీనికి కారణమని బోధించారు. ఎందరో తల్లులు ఆ నింద మోస్తూ కుమిలిపోయారు. బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడి కుమారుడికి ఆ స్థితి ఉండేది. ఆయన విషయమంతా పరిశోధించి, ఇది పెంపకము వలన వచ్చేది కాదని, శరీర సంబంధమైన కారణాలు ఉన్నాయని 1964లో ఒక పుస్తకము వ్రాశాడు. 1969లో తల్లిదండ్రుల సభలో కానర్ తానే నిలబడి, మీ మీద నింద లేదని చెప్పాడు. ఆ మాట రావటానికి పాతిక సంవత్సరాలకు పైగా పట్టింది.

మన ఊళ్ళలో ఆ మాట ఇంకా రాలేదు. పుట్టుగ్రుడ్డివానిని చూచి, పాపము ఇతనిదా, ఇతని తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగిన సంగతి మనకందరికీ తెలుసు. ప్రభువు ఆ రెండింటినీ కాదన్నాడు. ఆ అధ్యాయము మీద ఎన్నో ప్రసంగాలు విన్న మనము, మన వీధిలోని తల్లి విషయములో మాత్రము ఆ శిష్యుల ప్రశ్ననే ఇంకా అడుగుతున్నాము.

పెంపకము ప్రభావము అసలు లేదని మేము అనము. ఇంటిలో తగాదాలు, దెబ్బలు, భయము ఉంటే ఉన్న జబ్బు ముదురుతుంది. శాంతి, క్రమము ఉంటే బిడ్డ నిలదొక్కుకుంటాడు. కాని తల్లిదండ్రులు ఒకరినొకరు నిందించుకొనే ఇంటిలో బిడ్డకు వైద్యము ముందుకు సాగదు. ఎందుకంటే డాక్టరుగారి ఎదుట ఇద్దరూ నిజము దాస్తారు.

పేరు ఎందుకు త్వరగా తేలదు?

మలేరియా క్రిమిని రక్తములో చూడవచ్చును. విరిగిన ఎముకను ఎక్స్‌రేలో చూడవచ్చును. ఆటిజమునకు గాని, దిగులు జబ్బునకు గాని, ఓసీడీకి గాని ఇంతవరకు అటువంటి రక్త పరీక్ష లేదు. డాక్టరు బిడ్డను చూచి, బిడ్డతో మాట్లాడి, తల్లిదండ్రులు చెప్పినది విని, బడి సంగతి అడిగి నిర్ణయించాలి. గనుక మీరు చెప్పేదే అక్కడ పెద్ద పరీక్ష.

రెండవది, ఒకే లక్షణము వెనుక పది కారణాలు ఉండవచ్చును. “బడికి వెళ్ళనంటున్నాడు” అనే ఒక్క మాట తీసుకోండి. అది తల్లిని విడిచి ఉండలేని భయము కావచ్చు. దిగులు కావచ్చు. చదవటము, వ్రాయటము కష్టమయ్యే డిస్లెక్సియా కావచ్చు. చెవి సరిగా వినబడకపోవటము కావచ్చు. బడిలో ఎవరో కొట్టటము, ఏడిపించటము కావచ్చు. చెప్పుకోలేని విధముగా ఎవరో బిడ్డను పాడుచేస్తూ ఉండవచ్చు. పై నుండి చూస్తే అన్నీ ఒకటిగానే కనబడతాయి.

మూడవది, చిన్నపిల్లలకు తమ బాధను చెప్పే మాటలు ఉండవు. పెద్దవాడు “నాకు దిగులుగా ఉంది” అంటాడు. ఎనిమిదేళ్ళవాడు కడుపునొప్పి అంటాడు, లేదా పలక విసిరికొడతాడు. ఆడపిల్లలైతే అణగిమణగి కూర్చుంటారు. “బుద్ధిమంతురాలు, నోరెత్తదు” అని మనము మెచ్చుకొనే పిల్ల లోపల ఏమి మోస్తున్నదో ఎవరూ చూడరు.

నాలుగవది, జబ్బు తన్ను తాను ఒక్కసారే చూపించుకోదు. ఆరేళ్ళకు అతిచురుకుదనముగా కనబడినది పదేళ్ళకు ఆందోళనగా, పదిహేనేళ్ళకు వేరొకటిగా కనబడవచ్చును. ఒకే బిడ్డలో రెండు మూడు కలిసి ఉండటము కూడా సాధారణమే. మనిషికి వచ్చే మానసిక వ్యాధులలో దాదాపు సగము 18 సంవత్సరాలలోపే మొదలవుతాయని పరిశోధకులు చెబుతున్నారు. మొదలైనప్పుడు మాత్రము అవి మొలకలు. మొలకను చూచి అది వరియో ఊదయో చెప్పటము అనుభవమున్న రైతుకైనా కష్టమే గదా.

గొప్ప వైద్యులు కూడా పేర్లు మార్చుకోవలసి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. అమెరికాలో ఒక కాలములో, ఎప్పుడూ చిరచిరలాడుతూ కోపముతో ఊగిపోయే పిల్లలకు బైపోలార్ వ్యాధి అని పేరు పెట్టటము చాలా ఎక్కువయింది. అటువంటి పిల్లలను కొన్ని సంవత్సరాలు గమనిస్తే, పెద్దయ్యాక వారిలో చాలామందికి బైపోలార్ కాక దిగులు, ఆందోళన కనబడ్డాయి. అందుచేత 2013లో అక్కడి మానసిక వైద్యుల సంఘము తన వ్యాధుల పట్టికలో ఆ పిల్లల కొరకు ఒక క్రొత్త పేరు చేర్చింది. గనుక మీ డాక్టరుగారు రెండవసారి వేరే పేరు చెబితే, ఆయనకు ఏమీ తెలియదని వెంటనే అనుకోకండి. క్రొత్త సంగతి కనబడినప్పుడు పాత అభిప్రాయము మార్చుకోవటము మంచి వైద్యుని లక్షణము.

శరీర రోగము మనస్సు జబ్బులా కనబడవచ్చును

ఈ భాగమును మరి జాగ్రత్తగా చదవమని కోరుతున్నాము. బిడ్డ ప్రవర్తన మారినప్పుడు అన్నిటికీ మనస్సే కారణము కాదు.

తరగతిలో మధ్యమధ్య కొన్ని సెకండ్లు శూన్యములోకి చూస్తూ ఉండిపోయే పిల్ల ఉంటుంది. “పరధ్యానము” అని మాస్టరుగారు చెవి మెలిపెడతారు. అది ఒక రకమైన మూర్ఛ కావచ్చు. క్రింద పడరు, నురగ రాదు, కాళ్ళూ చేతులూ కొట్టుకోవు. రోజుకు ఎన్నోసార్లు వస్తుంది. ఈఈజీ అనే పరీక్షలో అది తెలుస్తుంది. చాలామంది పిల్లలకు మందులతో అదుపులోకి వస్తుంది.

బాగా చదివే పిల్లవాడు పన్నెండు, పదునాలుగేళ్ళకు చదువులో వెనుకబడి, కోపిష్ఠియై, చేతివ్రాత వంకరపోయి, మాట ముద్దగా మారితే విల్సన్ వ్యాధి అనేది ఒకటి ఉంది. ఆహారములోని రాగి బయటకు పోక కాలేయములోను, మెదడులోను పేరుకొనిపోవటము వలన వస్తుంది. తల్లి వైపు నుండి, తండ్రి వైపు నుండి రెండు లోపపు జన్యువులు కలిసినప్పుడే ఇది వస్తుంది గనుక మేనరికపు పెండ్లిండ్లు ఉన్న కుటుంబాలలో దీనికి అవకాశము ఎక్కువ. రక్తము, మూత్రము పరీక్షలతోను, కంటి డాక్టరు ప్రత్యేకమైన దీపముతో నల్లగ్రుడ్డు అంచును చూడటముతోను దీనిని పట్టుకోవచ్చును. త్వరగా పట్టుకొంటే మందులు ఉన్నాయి, జీవితమంతా వాడాలి. ఆలస్యమైతే పోయిన కాలేయమును, మెదడును తిరిగి తేవటము కష్టము.

చిన్నప్పుడు తట్టు పోసిన బిడ్డకు కొన్ని సంవత్సరాల తరువాత, బహు అరుదుగా, మెదడుకు ఒక తీవ్రమైన వ్యాధి వస్తుంది. దాని మొదటి గురుతు చదువు తగ్గటము, ప్రవర్తన మారటమే. తరువాత ఒళ్ళు ఉలిక్కిపడినట్లు కుదుపులు వస్తాయి. తట్టు టీకాలు రెండు మోతాదులూ వేళకు వేయించటమే దీనికి మంచి రక్షణ.

మరొకటి. ఉన్నట్టుండి కొద్ది రోజులలోనే పిల్ల అరవటము, నిద్రపోకపోవటము, లేనివి కనబడుతున్నాయనటము, నోరు చేతులు వింతగా కదిలించటము మొదలవుతుంది. మన ఊళ్ళలో అయితే దయ్యము పట్టిందంటారు. శరీరములోని రక్షణశక్తి పొరపాటున మెదడు మీదనే తిరగబడటము వలన ఇలా జరగవచ్చునని 2007లో వైద్యులు వివరించారు. న్యూయార్క్‌లో సుజానా కహలాన్ అనే యువ విలేఖరికి 2009లో ఈ వ్యాధి వచ్చింది. అనేక పరీక్షలు చేసినా అంతుచిక్కలేదు. సుహేల్ నజ్జార్ అనే డాక్టరు ఆమె చేతికి కాగితము ఇచ్చి గడియారము బొమ్మ వేయమన్నాడు. ఆమె అంకెలన్నీ కుడివైపునే వేసింది. దానిని బట్టి మెదడులో వాపు ఉన్నదని ఆయన గ్రహించి, తగిన పరీక్షలు, చికిత్స చేయించాడు. ఆమె కోలుకొని తన కథను పుస్తకముగా వ్రాసింది. ఈ వ్యాధి చిన్నపిల్లలకు కూడా వస్తుంది.

ఇవి అరుదైనవే. మీ బిడ్డకు ఇవే ఉన్నాయని భయపడవద్దు. కాని ఉన్నట్టుండి మారిన బిడ్డను, చదువులో క్రమముగా దిగజారుతున్న బిడ్డను, ఫిట్స్, జ్వరము, నడకలో తేడా ఉన్న బిడ్డను ముందుగా పిల్లల డాక్టరుకు, అవసరమైతే నరాల డాక్టరుకు చూపించండి. చెవి, కన్ను, థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు కూడా అడిగి చేయించండి.

రెండు వందల పేజీల నోటుబుక్కు

బిడ్డ తండ్రి ప్రభువునొద్దకు మూర్ఛరోగియైన కుమారుని తెచ్చిన సంగతి మార్కు సువార్త తొమ్మిదవ అధ్యాయములో ఉంది. స్వస్థపరచక మునుపు ప్రభువు ఒక ప్రశ్న వేశాడు. ఇది ఎంతకాలము నుండి ఉన్నదని అడిగాడు. ఆ తండ్రి తడుముకోలేదు. బాల్యము నుండి అని చెప్పి, నిప్పులో పడిన సంగతి, నీళ్ళలో పడిన సంగతి వివరించాడు. ఆ తండ్రి బిడ్డను గమనించినవాడు.

ప్రతి తల్లిదండ్రులకు మేము చెప్పేది ఇదే. దుకాణములో ఒక నోటుబుక్కు కొనండి. మొదటి పేజీలలో బిడ్డ పుట్టుక వ్రాయండి. నెలలు నిండాయా, పుట్టగానే ఏడ్చాడా, ఎప్పుడు నడిచాడు, ఎప్పుడు మాటలు వచ్చాయి, వచ్చిన మాటలు పోయాయా, తలకు దెబ్బ తగిలిందా, ఫిట్స్ వచ్చాయా, రెండు వైపుల బంధువులలో ఎవరికైనా ఇటువంటి జబ్బు ఉన్నదా? ఇవన్నీ దాచకుండా వ్రాయండి.

తరువాత రోజుకు నాలుగు వరుసలు చాలును. ఎన్ని గంటలు నిద్రపోయాడు, ఏమి తిన్నాడు, ఏ మందు ఎన్ని గంటలకు వేశారు, ఆ రోజు ఏమి జరిగింది. గొడవ జరిగితే, దానికి ముందు ఏమయింది, ఎంతసేపు ఉన్నది, ఎలా తగ్గింది. “మధ్యాహ్నము చుట్టాలు వచ్చారు, టీవీ శబ్దము పెద్దగా ఉంది, చెవులు మూసుకొని గోడకు తల కొట్టుకొన్నాడు, చీకటి గదిలో కూర్చోబెడితే పది నిమిషాలలో తగ్గాడు” అని వ్రాస్తే డాక్టరుకు ఎంతో తెలుస్తుంది. “ఎప్పుడూ అల్లరే డాక్టరుగారూ” అంటే ఏమీ తెలియదు. ఫిట్స్ గాని, వింత కదలికలు గాని వస్తే సెల్ ఫోనులో వీడియో తీసి ఉంచండి. ఊరిలో నవ్వుకోవటానికి ఎవరికీ పంపవద్దు. అది డాక్టరుకు మాత్రమే.

మా సంఘములో ఒక తల్లి, ఐదవ తరగతి వరకే చదువుకొన్నది, ఇలా ఏడాది పాటు వ్రాసింది. పిల్లవానికి పదకొండేళ్ళు. అప్పటికి ముగ్గురు డాక్టర్లు మూడు పేర్లు చెప్పి ఉన్నారు. నాలుగవ డాక్టరుగారు ఆ పుస్తకము అరగంట సేపు చదివారట. ఆటిజముతోపాటు ఓసీడీ కూడా ఉన్నదని, చేతులు కడుక్కోనివ్వకుండా ఆపిన ప్రతిసారీ గొడవ వస్తున్నదని ఆ వరుసలలో నుండే చూపించారు. ఆ తల్లి మాతో అన్న మాట: “పేరు తెలిసినంత మాత్రాన వాడు మారలేదు అమ్మగారూ, నేనే మారాను. వాడు నా మీద పంతముతో చేయటము లేదని తెలిసింది.”

పేరు తేలేవరకు ఇంటిలో ఏమి చేయాలి?

పేరు తేలటానికి నెలలు పట్టవచ్చు, సంవత్సరాలు పట్టవచ్చు. అంతవరకు చేతులు కట్టుకొని కూర్చోనక్కరలేదు. ఏ పేరు తేలినా మేలు చేసే పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది నిద్ర. రోజూ ఒకే వేళకు పడుకోవటము, ఒకే వేళకు లేవటము. రెండవది క్రమము. స్నానము, తిండి, బడి, ఆట ఒక వరుసలో జరిగితే బిడ్డకు భయము తగ్గుతుంది. మార్పు ఉంటే ముందే చెప్పండి. మూడవది, ఒకసారి ఒకే మాట, చిన్న మాట. కోపముగా ఉన్నప్పుడు బోధ చేయవద్దు. తగ్గిన తరువాత మాట్లాడండి. నాలుగవది, కొట్టవద్దు. దెబ్బతో జబ్బు పోదు. జబ్బుతోపాటు భయము చేరుతుంది.

అయిదవది, బిడ్డ “చచ్చిపోతాను” అంటే ఊరికే అంటున్నాడని తీసివేయవద్దు. దగ్గర కూర్చోబెట్టుకొని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది నిజము కాదు. అడిగితే బరువు దిగుతుంది. ఇంటిలో పురుగుమందు డబ్బాలు ఉంటే ఈ రోజే తీసివేయండి, లేదా తాళము వేసి తాళపుచెవి మీ దగ్గర ఉంచుకోండి. పత్తి, మిర్చి వేసే ఇండ్లలో మంచము క్రింద మందు డబ్బాలు చూచాము. శ్రీలంకలో 1995 నుండి ప్రాణాంతకమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించిన తరువాత ఆత్మహత్యలు బాగా తగ్గాయి. చేతికి అందకపోతే ఆ ఘడియ దాటిపోతుంది. ఆ ఘడియ దాటితే బిడ్డ బ్రతుకుతాడు.

ప్రార్థన, మందులు

ఇక్కడ సంఘ కాపరులతో, విశ్వాసులతో కొంచెము తేటగా మాట్లాడాలి. బిడ్డ కొరకు ప్రార్థించండి. మేమూ ప్రార్థిస్తాము. కాని ప్రార్థన పేరుతో మందులు మాన్పించటము మంచిది కాదు. మూర్ఛ మందును ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణము మీదికి రావచ్చును. దిగులుకు వాడే మందులు పనిచేయటానికి కొన్ని వారాలు పడుతుంది. పది రోజులు చూచి “ఇది పనిచేయలేదు” అని గట్టు మీద పారవేయకూడదు. మందు వలన బిడ్డ మరీ మగతగా ఉన్నా, బరువు పెరిగినా, ఒళ్ళు బిగిసినా డాక్టరుకు చెప్పండి. మోతాదు మార్చటము ఆయన పని.

ఉపవాసము పెద్దలు చేయవచ్చును. మందులు వాడే బిడ్డ చేత చేయించవద్దు. రాత్రి జాగరణ కూటములకు కూడా ఈ బిడ్డలను తేవద్దు. నిద్ర చాలకపోతే మూర్ఛ రావటము, బైపోలార్ ఉన్నవారిలో ఉద్రేకము పెరగటము వైద్యులకు బాగా తెలిసిన విషయమే. ఆ రాత్రి బిడ్డ కేకలు వేస్తే, “దయ్యము బయటపడుతున్నది” అని మనము ఇంకా గట్టిగా అరుస్తాము. పాపము, బయటపడుతున్నది నిద్రలేమి.

యాజకుడైన ఏలీ, హన్నా పెదవులు కదలటము చూచి ఆమె త్రాగి ఉన్నదనుకొన్నాడు. ఆమె మనోవేదనతో ప్రార్థిస్తున్నది. మందిరములో దీర్ఘకాలము సేవచేసిన వానికే పై చూపు అంతగా మోసము చేస్తే, ఒక గంట కూటములో బిడ్డను చూచి మనము తీర్పు చెప్పటము ఎంతవరకు సబబు? ఏలీ ఆమె చెప్పినది విన్న తరువాత తన మాట మార్చుకొని ఆమెను దీవించి పంపాడు. విని, దీవించి, ఆసుపత్రికి తోడు వెళ్ళటము కాపరి పని.

కొందరు బిడ్డలను స్వస్థత కేంద్రాలలో వదలి వస్తారు. గొలుసులతో కట్టివేస్తారు. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఏర్వాడిలో అటువంటి ఒక చోట నిప్పంటుకొని, గొలుసులతో కట్టబడి ఉన్న 28 మంది కాలి చనిపోయారు. అది వేరే మతపు స్థలము గదా అని మనము తప్పించుకోలేము. గొలుసు ఎక్కడైనా గొలుసే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మానసిక రోగిని ఏ విధముగానూ గొలుసులతో కట్టకూడదని శాసించింది.

ఎక్కడికి వెళ్ళాలి?

డబ్బు లేదని ఆగిపోవద్దు. 14416 అనే నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ వారు రాత్రింబవళ్ళు ఉచితముగా, తెలుగులో కూడా మాట్లాడతారు. ఇది 2022 అక్టోబరులో మొదలయింది. బిడ్డకు ఎవరైనా హాని చేస్తున్నారని తెలిస్తే 1098 నంబరు ఉంది. అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు పిల్లలను పరీక్షించటానికి వచ్చే వైద్య బృందానికి మీ బిడ్డను దాచకుండా చూపించండి. వారు జిల్లాలోని ప్రత్యేక కేంద్రమునకు వ్రాసి ఇస్తారు. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగితే ఆ బృందము ఎప్పుడు వస్తుందో చెబుతుంది.

పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులలో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. ఇవి గాక విశాఖపట్నములోను, హైదరాబాదు ఎర్రగడ్డలోను ప్రత్యేక మానసిక వైద్యశాలలు ఉన్నాయి. బెంగుళూరు నిమ్హాన్స్‌లో పిల్లల కొరకు ప్రత్యేక విభాగము ఉంది. బుద్ధిమాంద్యము గల బిడ్డల కొరకు సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపించబడిన జాతీయ సంస్థ ఉంది. రాయలసీమ వారు చాలామంది వేలూరు వెళతారు.

ఆసుపత్రిలో చేర్చితే బిడ్డను లాగివేసుకొంటారేమోనని తల్లులు భయపడతారు. ఆ భయము వద్దు. 1950 దశకములోనే అమృతసర్‌లో డాక్టర్ విద్యాసాగర్ అనే ఆయన ఆసుపత్రి ఆవరణలో డేరాలు వేయించి రోగుల కుటుంబాలను వారితోపాటే ఉంచాడు. ఇంటివారు దగ్గర ఉంటే రోగి త్వరగా కోలుకొంటాడని ఆయన చూపించాడు. ఇప్పటి చట్టము ప్రకారము మైనరు బిడ్డను చేర్చితే పెద్దల మధ్య గాక విడిగా ఉంచాలి, ఇంటివారిలో ఒకరు గాని, తోడుగా నియమించబడినవారు గాని బిడ్డతోనే ఉండాలి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆటిజము, మానసిక వ్యాధి, చదువులో ప్రత్యేక ఇబ్బంది, బుద్ధిమాంద్యము అందులో ఉన్నాయి. సర్టిఫికెట్ తీసుకోవటము సిగ్గు కాదు. పరీక్షలలో అదనపు సమయము వంటివి దాని వలననే వస్తాయి.

మిగిలిన బిడ్డలు, మిగిలిన సంఘము

జబ్బు ఒక బిడ్డకైనా, ఇంటిలో అందరూ దానితో జీవిస్తారు. అన్న ఏడిస్తే తమ్ముడి పుట్టినరోజు ఆగిపోతుంది. అక్కకు సంబంధము వచ్చినప్పుడు తమ్ముణ్ణి వెనుక గదిలో దాస్తారు. అక్క అది మరచిపోదు, తమ్ముడు కూడా మరచిపోడు. గనుక మిగిలిన బిడ్డలకు వారి వయస్సుకు తగినట్లు నిజము చెప్పండి. వారములో ఒక గంటయినా వారిలో ఒక్కొక్కరితో మాత్రమే గడపండి. వారిని ఆ బిడ్డకు జీతము లేని ఆయాలుగా చేయవద్దు. సంబంధము చూడ వచ్చినవారికి దాచకుండా చెప్పండి. దాచి చేసిన పెండ్లి కంటె ఆలస్యమైన పెండ్లి మేలు.

తండ్రులతో ఒక మాట. వైద్యము భారమంతా భార్య మీద వేయవద్దు. నెలకొకసారైనా ఆసుపత్రికి మీరు వెళ్ళండి. డాక్టరు మాట మీరే వింటే ఇంటిలో సగము తగాదా ఆగిపోతుంది. ఆ తల్లికి రోజుకు కొంత సేపు నిద్ర, మనిషితో మాట దక్కేట్లు చూడండి. తల్లి పడిపోతే బిడ్డకు ఏ మందూ పనిచేయదు.

సంఘమునకు మేము చెప్పే పనులు చిన్నవి. బస్సు ఖర్చులు ఇవ్వండి. ఆసుపత్రికి వెళ్ళిన రోజున పశువులకు మేత వేయండి, మిగిలిన పిల్లలకు అన్నము పెట్టండి. స్త్రీల సమాజములో ఇద్దరు నేర్చుకొని వారానికి ఒక సాయంకాలము ఆ బిడ్డ దగ్గర కూర్చోండి. ఆదివారము ఆరాధనలో ఆ బిడ్డ అరిస్తే వెనుకకు తిరిగి చూడకండి. తలుపు దగ్గర ఒక బల్ల వేయండి, కావలసినప్పుడు బయటకు వెళ్ళి తిరిగి రావటానికి వీలుగా ఉంటుంది. మైకు శబ్దము తగ్గించండి. క్రిస్మస్ నాటకములో ఆ బిడ్డకు కూడా ఒక చిన్న వేషము ఇవ్వండి, మాటలు లేని గొర్రెల కాపరి వేషమైనా సరే.

ప్రియమైన తల్లిదండ్రులారా, కొందరు బిడ్డలు పూర్తిగా కోలుకొంటారు. కొందరు మందులతో, శిక్షణతో తమ పని తాము చేసుకొనే స్థితికి వస్తారు. కొందరికి జీవితమంతా తోడు కావాలి. మీ బిడ్డ వీరిలో ఎవరో ఈ రోజు ఏ డాక్టరూ చెప్పలేకపోవచ్చును. అయినా ఈ రాత్రి బిడ్డ వేళకు పడుకోవాలి. రేపు ఉదయము మందు వేయాలి. నోటుబుక్కులో నాలుగు వరుసలు వ్రాయాలి. వచ్చే ఆదివారము బిడ్డను ఇంటిలో వదలి రాకండి. మందిరమునకు మీతోపాటు తీసుకొని రండి. తలుపు దగ్గర బల్ల మేము వేసి ఉంచుతాము.